ఖాళీ పేజీ మీద సంతకాలు

శ్రీరామ
చీరాల,
4-4-2002

చిరంజీవి నారాయణకు అక్క ఆశీర్వచనాలు.

నేను బాగున్నాను. మోకాళ్ళు మామూలే. మరదలు వెంకటరావమ్మకు నడుం నొప్పి తగ్గిందని తలుస్తాను.

నీతో ఒక పని పడింది. మొన్న ఆదివారం మన ఆరోగ్య ఉద్యోగుల సంఘం చీరాల యూనిట్ జనరల్ బాడీ జరిగింది. భోజనాల దగ్గర ఏఎన్ఎంలం అందరం కూర్చుని, మహిళా ఉపాధ్యక్షురాలిగా లాల్‌బీ ఉంటే బాగుంటుందనుకున్నాం. యూనిట్ కార్యదర్శి నాగేంద్రబాబుకు ఆ మాట చెప్పింది నేనే. కాగితం మీద రాసుకున్నాడు. మేము నాలుగింటి బస్సుకు వచ్చేశాం.

నిన్న టీకాల కోసం ఆసుపత్రికి వెళితే నోటీసు బోర్డు మీద నా పేరుంది. పక్కన ఎర్ర సిరాతో ‘ఏకగ్రీవం’ అని. ఆయా పేరమ్మ నలుగురిలో “స్వీట్లేవమ్మా ఉపాధ్యక్షులు గారూ?” అని అడిగింది. లాల్‌బీ పక్కనే డబ్బాలో ఐసు ముక్కలు సర్దుకుంటోంది. తల ఎత్తలేదు.

ఎవరో పొరపాటున రాసి ఉంటారు. జిల్లా కార్యదర్శివి కనుక ఒక మాట చెప్పి సరిచేయించు. ఎస్టీడీ బూత్‌లో పదిమంది వింటుండగా సంఘం మాటలు మాట్లాడలేక ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ మిరప కల్లాలు పూర్తి కాలేదు. కల్లాల్లోకే వెళ్ళి పిల్లలకు చుక్కలు వేస్తున్నాం. రోజంతా తుమ్ములే.

రాముడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

అక్క రాజ్యం


కనిగిరి,
9-4-2002

పెద్దక్కకు తమ్ముడి నమస్కారాలు.

సంఘం లెటర్‌ప్యాడ్ మీద రాస్తున్నానని అనుకోవద్దు. ఇంట్లో తెల్లకాగితం కనపడలేదు. పిల్లలు పడవలు చేసేశారని మీ మరదలు అంటోంది. ఇక్కడ నీళ్ళు ట్యాంకరులో వస్తుంటే వాళ్ళు పడవలు ఎక్కడ వదులుతారో నాకు తెలియదు.

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. ఉపాధ్యక్షురాలివయ్యావంటే సంతోషించక పొరపాటంటావేంటక్కా? యూనిట్ కార్యవర్గంలో ఏడుగురుండాలి, అందులో ఒక్కరైనా ఆడమనిషి అయివుండాలి. అది రూలు. ఎవరో ఒకరు ఉండాలి గదా, నువ్వే ఉండు. పనేమీ లేదు. వేదిక మీద కుర్చీ వేస్తారు, కూర్చో. దండ వేస్తే వేయించుకో. నాగేంద్రబాబు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టు.

సంఘం పుట్టి పంతొమ్మిదేళ్ళు. ఇంతవరకు మన జిల్లాలో ఏ యూనిట్‌లోనూ ఎన్నిక జరగలేదు. పేర్లు ముందే అనుకుంటాం, చదువుతాం, చప్పట్లు కొడతారు. ఏకగ్రీవం. రాష్ట్ర మహాసభలో మన జిల్లాను లేపి నిలబెట్టి మెచ్చుకుంటారు దీనికి. ఇప్పుడు పేరు మార్చితే అదొక రగడ. వదిలెయ్.

లాల్‌బీకి మళ్ళీ దఫా చూద్దాం.

ఒంగోలు బస్సుకు టైమైంది. రోజూ ఎవడో ఒకడి ఫైలు మోసుకుని తిరగడమే నా బతుకైపోయింది.

నీ తమ్ముడు
వెంకటనారాయణ


శ్రీరామ
చీరాల,
15-4-2002

చిరంజీవి నారాయణకు,

పండగకు పచ్చడి చేసుకున్నాను. వేపపువ్వు ఈసారి తక్కువ దొరికింది.

నువ్వు వదిలెయ్ అన్నావు. వదిలేద్దామనే అనుకున్నాను. శనివారం లాల్‌బీ ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, “అక్కా, మీ మీద నాకేం లేదు. నా పేరు నేనే కొట్టేసుకున్నానట గదా, అదెట్టాగో చెప్పండి” అంది. నాకు అర్థం కాలేదు.

మర్నాడు నాగేంద్రబాబు ఇంటికి వెళ్ళి మినిట్స్ పుస్తకం అడిగాను. ఇవ్వడానికి అరగంట పట్టింది. అందులో ఇలా ఉంది. ‘ఉపాధ్యక్షురాలిగా శ్రీమతి రాజ్యం గారి పేరును శ్రీమతి లాల్‌బీ ప్రతిపాదించగా, శ్రీమతి రాజ్యం గారు బలపరచగా, సభ ఏకగ్రీవంగా ఆమోదించినది.’ కింద లాల్‌బీ సంతకం. దాని కింద నాది.

ఆ సంతకం నాదే. నాకు గుర్తుంది. సభ మొదలు కాకముందే పుస్తకం తిప్పారు. పేజీలో పైనంతా ఖాళీ. “బస్సులు పోతాయమ్మా, ముందు సంతకాలు పెట్టెయ్యండి, తీర్మానాలు తీరిగ్గా రాసుకుంటాం” అన్నారు. ప్రతిసారీ ఇంతే. నేనూ ఇన్నేళ్ళూ పెడుతూనే ఉన్నాను. నా పేరును నేనే బలపరుచుకున్నాను, నారాయణా. లాల్‌బీ తన పదవిని తన చేత్తోనే నాకిచ్చింది.

రామకోటి రాసేటప్పుడు ఒక్క గడి ఖాళీ వదిలినా వెనక్కి వచ్చి నింపి గాని లేవను. ఇక్కడ ఒక పేజీ మొత్తం ఖాళీ వదిలి లేచి వచ్చేశాను.

లాల్‌బీ ఇంకో మాట చెప్పింది. కార్యవర్గంలో ఉంటే ట్రాన్స్‌ఫర్ లేదట. నిజమేనా? సంఘం నిబంధనల పుస్తకం ఒకటి పంపు. చదవాలి.

సంఘం ప్యాడ్ మీద అక్కకు ఉత్తరాలు రాయకు. అది అందరిదీ.

అక్క రాజ్యం


కనిగిరి,
22-4-2002

పెద్దక్కకు నమస్కారాలు.

ప్యాడ్ కాదు, చూసుకో. పెద్దాడి లెక్కల నోటు చింపాను.

నిబంధనల పుస్తకం నా దగ్గర లేదు. ఒంగోలు ఆఫీసులో ఒకటుండేది, చెదలు పట్టింది. అయినా నీకెందుకక్కా ఆ పుస్తకం? నాకు పన్నెండేళ్ళ సర్వీసు ఉంది సంఘంలో. నేనే ఒక్కసారి కూడా తెరవలేదు.

ట్రాన్స్‌ఫర్ సంగతి నిజమే. కార్యవర్గంలో ఉన్న ఏడుగురిని కదపకూడదని డిపార్టుమెంటుతో మనకు ఒప్పందం. ఈ జూన్‌లో ట్రాన్స్‌ఫర్లు ఉన్నాయి. మీ యూనిట్‌లో ఒకే చోట ఎనిమిదేళ్ళు దాటిన ఏఎన్ఎంలు ఇద్దరే, నువ్వూ లాల్‌బీ. ఇద్దరిలో ఒకరు మెట్టకు, అంటే ఈ కనిగిరి వైపు రావాలి. ఎవరు వస్తారనేది పై వాళ్ళ ఇష్టం. దాంట్లో మనం చేసేదేముంది?

మూడేళ్ళలో రిటైరవుతావు. ప్రశాంతంగా పూజలు చేసుకో. తవ్వకు.

నిన్న శ్రీరామనవమి పందిట్లో పానకం తాగాను. చిన్నప్పుడు నీ గ్లాసు కూడా నాకే పోసేదానివి, గుర్తొచ్చింది.

నీ తమ్ముడు
వెంకటనారాయణ


శ్రీరామ
చీరాల,
29-4-2002

చిరంజీవి నారాయణకు,

పుస్తకం దొరికింది. రిటైరైన క్రీస్తుదాసు గారి దగ్గర ఉంది. ట్రంకుపెట్టెలో బైబిలు కింద పెట్టుకున్నారు. ఇరవై నాలుగు పేజీలు. రోజూ దీపం పెట్టాక ఎనిమిది పేజీల చొప్పున చదివాను.

చాలా ఉందిరా అందులో. కార్యవర్గాన్ని సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. ఒకే పదవిలో వరసగా రెండు దఫాలకు మించి ఉండకూడదు. మన నాగేంద్రబాబుది ఇది నాలుగోది. ఏడుగురిలో ఐదుగురు పన్నెండేళ్ళ నుంచి కదలలేదు. కదలకుండా ఉండడానికే కుర్చీలు పట్టుకున్నారని ఇప్పుడు తెలిసింది. మూడోవంతు సభ్యులు రాతపూర్వకంగా అడిగితే పదిహేను రోజుల్లో ప్రత్యేక జనరల్ బాడీ పెట్టాలి. కార్యదర్శి పెట్టకపోతే అడిగినవాళ్ళే పెట్టుకోవచ్చు.

మొదటి పేజీలో సంఘం మొదటి తీర్మానం అచ్చువేశారు. 1983లో మీ బావ టీబీతో మంచంలో ఉండగా నన్ను మార్కాపురం అవతల వేశారు గదా. ఆ బదిలీ ఆపాలని పదకొండుమంది చేసిన తీర్మానం అది. నా పేరు లేదు, ‘ఒక సోదరి’ అని ఉంది. క్రీస్తుదాసు గారు వేలుపెట్టి చూపించి, “మీ కోసం పుట్టిందమ్మా ఇది” అన్నారు.

లాల్‌బీ కూతురు నసీమున్నీసాను నువ్వు చూడలేదు. తొమ్మిదేళ్ళు. వినపడదు. ఇక్కడ చెవిటి పిల్లల బడిలో వేశాక నాలుగు మాటలు పలుకుతోంది. నన్ను ‘అమ్మమ్మ’ అంటుంది, మొదటి అక్షరం మింగేసి. కనిగిరి వైపు అలాంటి బడి ఉందా? విచారించాను. లేదన్నారు.

నీకు ఒక జాగ్రత్త చెప్పాలి. పేరు మార్చమన్నది పై నుంచే అని నాగేంద్రబాబు అందరితో అంటున్నాడు. నీ పేరు వాడుకుంటున్నాడని నా అనుమానం. నువ్వు ఎవరినీ తొందరగా అనుమానించవు. అతన్ని కాస్త దూరంగా పెట్టు.

యూనిట్‌లో అరవై మూడు మందిమి. ఇరవై ఒక్క సంతకాలు కావాలి. పద్నాలుగు అయ్యాయి. సబ్‌సెంటర్‌కు వెళ్ళినప్పుడల్లా కాగితం మొత్తం చదివి వినిపించి, తరవాతే సంతకం అడుగుతున్నాను. పేరమ్మ మాత్రం, “చదవబాకమ్మా, పెట్టేస్తా” అంది. “వినే పెట్టు” అన్నాను. విని, “ఇదేందమ్మా, నాగేంద్రబాబును దించేదా? ముందే చెప్తే రెండు పెడుదును” అంది.

అక్క రాజ్యం


కనిగిరి,
3-5-2002

అక్కా,

ఏం చేస్తున్నావో నీకు తెలుస్తోందా?

నిన్న ఒంగోలులో జిల్లా అధ్యక్షుడు అందరి ముందు, “ఏమయ్యా వెంకటనారాయణా, సొంత అక్కే నీ మీద జెండా ఎత్తింది, ఇంక జిల్లానేం ఏలతావ్?” అన్నాడు. ముప్ఫయిమంది నవ్వారు. ఆగస్టులో జిల్లా కార్యదర్శి పదవి మళ్ళీ నాకు వస్తుందో రాదో తెలియని పరిస్థితిలో ఉన్నాను. ఆ క్రీస్తుదాసుకు పాత కక్షలున్నాయి. నిన్ను అడ్డం పెట్టుకుని తీర్చుకుంటున్నాడు. నీకు అర్థం కావడం లేదు. లేకపోతే జిల్లాకు పోటీ చేద్దామనుకుంటున్నావా? అదైనా చెప్పు, నేనే తప్పుకుంటా.

నాగేంద్రబాబును దూరం పెట్టమంటావు. వాడు దొంగే, కాదనను. కానీ ఈ పని వాడు చెయ్యలేదు.

నేనే చేశాను. ఆ ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, లాల్‌బీ పేరు తీసేసి మా అక్క పేరు రాయమన్నాను. సంతకాలు ఎలాగూ ఉన్నాయి, పైన ఏం రాసినా నడుస్తుందన్నాను. ఆ వాక్యం కూడా నేనే చెప్పి రాయించాను. నీ పేరు నువ్వే బలపరుచుకున్నట్టు వస్తుందని ఆ తొందరలో తట్టలేదు.

ఏం చెయ్యమంటావు? ఈ మెట్టలో నీ మోకాళ్ళతో ఊరూరూ నడవగలవా? రెండు ఊళ్ళకు బస్సే లేదు. అమ్మ పోయేరోజు నీ చెయ్యి నా చేతిలో పెట్టిందా లేదా? బావ లేడు. నీకు నేను గాక ఇంకెవరున్నారు చూడ్డానికి? సంఘంలో ఇన్నేళ్ళు ఊరందరి పనులూ చేశాను. మా అక్కకు ఒక్క పని చేసుకుంటే తప్పయిందా?

ఆ కాగితం చింపెయ్.

వెంకటనారాయణ


శ్రీరామ
చీరాల,
10-5-2002

నారాయణకు,

నీ ఉత్తరం అందింది. రెండు రోజులు జవాబు రాయలేదు. దేవుడి ముందు కూర్చున్నాను గాని నామం సాగలేదు.

నాగేంద్రబాబును అనవసరంగా అనుమానించాను. వెళ్ళి ఆ ఒక్క విషయానికి క్షమించమన్నాను. అతను కంగారుపడి కాఫీ ఇప్పించాడు.

నాకు జిల్లా వద్దు, యూనిట్ వద్దు. క్రీస్తుదాసు గారు నన్ను ఏమీ అడగలేదు. పుస్తకం అడిగితే ఇచ్చారు, అంతే.

నా కోసం చేశావు. తెలుసు. నన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది.

సంతకాలు ఇరవై ఆరు అయ్యాయి. 19వ తేదీ ఆదివారం పదింటికి సభ. నాగేంద్రబాబే నోటీసు వేశాడు. నియమం ప్రకారం జిల్లా నుంచి పరిశీలకుడు రావాలి. నువ్వు వస్తావో, వేరెవరినైనా పంపుతావో నీ ఇష్టం.

అక్క


శ్రీరామ
చీరాల,
20-5-2002

చిరంజీవి నారాయణకు,

నిన్న నువ్వు వస్తావనుకోలేదు. వచ్చావు. వెనక వరసలో కూర్చున్నావు. భోజనం చెయ్యకుండా బస్సెక్కావు. నీ కోసం విడిగా దొండకాయ వేపుడు చేసి తెచ్చాను. పేరమ్మ తినేసి బాగుందంది.

నువ్వు నా రాజీనామా వరకే ఉన్నావు గనుక మిగతాది రాస్తున్నాను. నేను రాజీనామా చదివాక నాగేంద్రబాబు లేచి, “రాజ్యమ్మ గారు పెద్దవారు, మర్యాదకు అలా అంటున్నారు, వారే ఉంటారు, చప్పట్లు కొట్టండి” అన్నాడు. చప్పట్లు కొట్టారు కూడా. అలవాటు. అప్పుడు లాల్‌బీ లేచి, “చప్పట్లు కాదు, చీటీలు” అంది. మొత్తం మాట అదొక్కటే.

చీటీలు పాత టీకా కార్డుల వెనకవైపు కోసి చేశాం. పెట్టె లేకపోతే టీకాల డబ్బా తుడిచి పెట్టాం. ఎక్కడ నిలబడి రాయాలో, ఎలా మడవాలో ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళ సంఘంలో మొదటిసారి గదా. ఒకాయన చీటీ మీద సంతకం కూడా పెట్టాడు. అది చెల్లదన్నాం.

లాల్‌బీకి ముప్ఫయి మూడు. వద్దంటున్నా నాకు పద్దెనిమిది వేశారు.

మినిట్స్ నేనే రాశాను. రాసి, చదివి, తరవాత సంతకాలు తీసుకున్నాం. రెండు బస్సులు పోయాయి. చాలామంది విసుక్కున్నారు.

మిగతా ఆరు పదవుల మాట ఎత్తగానే సగం మంది లేచి వెళ్ళిపోయారు. కోరం లేదు. నాగేంద్రబాబు అలాగే ఉన్నాడు.

ఇక నీ పని. కార్యవర్గంలో పేరు మారిందని జిల్లా కార్యదర్శి సంతకంతో డిపార్టుమెంటుకు ఉత్తరం వెళ్ళాలి. మే 31 ఆఖరి రోజు. తీర్మానం నకలు దీనితో పెట్టాను.

అక్క రాజ్యం


కనిగిరి,
24-5-2002

అక్కా,

నకలు అందింది. అది నా బల్ల మీదే ఉంది. రెండు రోజుల నుంచి దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి చూస్తున్నాను.

సంతకం చెయ్యలేను. లాల్‌బీ పిల్ల విషయం నాకు కష్టంగానే ఉంది. వేరే దారి చూస్తాను, పై వాళ్ళను కలుస్తాను అన్నా నువ్వు ఆగవు. ఏ తమ్ముడైనా అక్కను నలభై నాలుగు డిగ్రీల ఎండలోకి పంపించే కాగితం మీద సంతకం చేస్తాడా? నిన్న ఇక్కడ బస్టాండులో ఒక ముసలావిడ పడిపోయింది. చూసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

ఆ రోజు సభలో నాతో ఒక్క మాట మాట్లాడావా? “పరిశీలకులు గారికి కుర్చీ వెయ్యండి” అన్నావు. నన్ను గారు అన్నావు. దొండకాయ వేపుడు మాట అప్పుడు చెప్పొచ్చు గదా.

మీ మరదలు కూడా నీ వైపే మాట్లాడుతోంది. ఇంట్లో నా వైపు ఎవరూ లేరు.

వెంకటనారాయణ


శ్రీరామ
చీరాల,
27-5-2002

నారాయణా,

1983లో నా ట్రాన్స్‌ఫర్ ఆపమని పదకొండుమంది సంతకాలు పెట్టారు. అందులో ఒక్కరు కూడా మన చుట్టం కాదు.

సంతకం చెయ్యి.

అక్క


ప్రకాశం జిల్లా ఆరోగ్య ఉద్యోగుల సంఘం
(జిల్లా కార్యదర్శి కార్యాలయం)
30-5-2002

శ్రీమతి రాజ్యం గారికి, చీరాల యూనిట్.

తమ యూనిట్ తీర్మానం మేరకు ఉపాధ్యక్షురాలి పేరు మార్పును నమోదు చేసి, సంబంధిత అధికారికి ఈ రోజే స్వయంగా అందజేయడమైనది. రసీదు నకలు జతచేయడమైనది.

వెంకటనారాయణ
జిల్లా కార్యదర్శి

ఇది సంఘం పని కాబట్టి ప్యాడ్ మీదే రాశాను. ఇక తప్పు పట్టలేవు.

ఆఫీసులో గుమాస్తా, “మీ అక్కగారి పేరు కొట్టేస్తున్నారే, గొడవలా?” అన్నాడు. అవునన్నాను. బయటికొచ్చి బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని సంతకాలు చేశానో. చదివి చేసింది ఇదొక్కటే.


శ్రీరామ
చీరాల,
14-6-2002

చిరంజీవి నారాయణకు అక్క ఆశీర్వచనాలు.

ఆర్డరు వచ్చింది. కనిగిరికి అవతల హనుమంతునిపాడు వైపు సబ్‌సెంటర్. 21న చేరతాను. రామకోటి రాసేదాన్ని అక్కడికి వేశారు. ఎవరి నిర్ణయమో.

లాల్‌బీ ఇక్కడే ఉంటుంది. వీడ్కోలుకు పిల్లను తీసుకొచ్చింది. నసీమున్నీసా నా పెట్టె మీద కూర్చుని లేవనంది. ఈసారి ‘అమ్మమ్మ’ పూర్తిగా పలికింది.

లాల్‌బీకి నిబంధనల పుస్తకం అప్పగించాను. కోరం వచ్చేవరకు మిగతా ఆరు పదవులకూ నెలకొక నోటీసు వేయిస్తానంది. నాగేంద్రబాబు ఆమెను చూస్తే ఇప్పుడు సైకిలు పక్క వీధికి తిప్పుతున్నాడట.

నాకు ఒక గది చూడు. మీ ఇంట్లో వద్దు. జిల్లా కార్యదర్శి ఇంట్లో యూనిట్ సభ్యురాలు ఉంటే ఆగస్టులో నీకు మాట వస్తుంది. ఆదివారాలు భోజనానికి వస్తాను. దొండకాయలు నేను తెస్తాను. ఎండకు గొడుగు కొన్నాను. మోకాళ్ళకు తైలం ఉంది. నువ్వు అన్నం మానకు.

ఇంకొకటి. ఇప్పుడు నేను మీ కనిగిరి యూనిట్ సభ్యురాలిని. అక్కడ జనరల్ బాడీ జరిగి నాలుగేళ్ళయిందని విన్నాను. మినిట్స్ పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కో. అందులో పైన ఏమీ రాయకుండా కింద సంతకాలున్న పేజీలు ఎన్ని ఉన్నాయో, నేను వచ్చేలోగా వాటి మీద అడ్డంగా గీతలు కొట్టి పెట్టు.

అక్క రాజ్యం